చేతుల చరిత్ర – 11: ఉంగరపు వేలు అప్పిచ్చిన బొటనవేలు

శ్రీకూర్మం గుడి మండపాల్లో స్తంభాల నిండా శాసనాలే. నరహరి తీర్థులు యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠించినట్టు చెప్పే 1281 నాటి శాసనం మొదలుకొని, అఖండ దీపానికి ఆవుల్ని ఇచ్చినవారు, భోగానికి భూమి రాసినవారు, గాంగ రాజులు, వారి అధికారులు అంతా అక్కడ ఉన్నారు. చరిత్రకారులు దాత పేరు చూస్తారు, శక సంవత్సరం చూస్తారు. అక్షరం చెక్కినవాడి చెయ్యి ఎవరి లెక్కలోకీ రాదు. ఉలిని ఎడమ చేతి బొటనవేలికీ తక్కిన వేళ్లకూ మధ్య ఇరికించి, కుడిచేత్తో సుత్తిదెబ్బ వేస్తూ, ప్రతి దెబ్బకీ ఉలిని వెంట్రుకవాసి తిప్పితేనే సున్నా గుండ్రంగా వస్తుంది. తిప్పేది బొటనవేలు. ఆ వేలు లేనివాడు సుత్తి ఎత్తగలడేమో గాని అక్షరం మాత్రం చెక్కలేడు.

గత భాగంలో 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలైన ముచ్చట చెప్పుకున్నాం. ఈసారి చేతిలో ఒక్క వేలి కథే. ఏకలవ్యుణ్ణి ఇందులోకి లాగను. బొటనవేలు మాట ఎత్తగానే అందరూ ఆయన దగ్గరికే పోతారు. పోయిన వేలు ఎలా పోయిందన్నది ఆ కథ. పోయినదాన్ని ఎలా తెచ్చారన్నది మన కథ.

ఇటు సముద్రం వైపు శ్రీకూర్మం ఉంటే, శ్రీకాకుళానికి అవతల పడమట పొందూరు ఉంది. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. దవడ పళ్లు సన్నని దువ్వెనలా గింజ చుట్టూ ఉన్న దూదిని సాపు చేస్తాయి. ఆ తర్వాత ఏకు చేత పట్టి రాట్నం తిప్పుతూ, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి దారం వదులుతారు. ఇంత గట్టిగా పడితే తెగుతుంది, ఇంత వదులుగా పడితే ముద్ద కడుతుంది అన్న కొలత కంటికి అందదు. వేలికొసకు మాత్రమే తెలుస్తుంది. పొందూరు సన్నఖద్దరు గొప్పతనం అంతా ఆ రెండు వేళ్ల మధ్య ఉన్న కాస్త జాగాలోనే ఉంది. ఢాకా మస్లిన్ నేతగాళ్ల బొటనవేళ్లు ఈస్టిండియా కంపెనీవాళ్లు నరికించారన్న మాట మనలో చాలామంది విన్నదే. ఒకప్పుడు ఆ కంపెనీలోనే పనిచేసిన విలియం బోల్ట్స్ 1772లో అచ్చు వేయించిన పుస్తకంలో ఉన్నది వేరు. బలవంతంగా పట్టు తీయిస్తున్న బాధ పడలేక, పట్టుదారం తీసే పనివాళ్లు తమ బొటనవేళ్లు తామే కోసుకున్నారని ఆయన రాశాడు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయంకరంగా కనిపిస్తుంది. పని నుంచి తప్పించుకోవాలంటే ఏ వేలు తీసేయాలో పనివాడికి తెలుసు.

చేయి చేసే పనిలో సుమారు 40 శాతం బొటనవేలిదేనని హ్యాండ్ సర్జన్లు లెక్క కడతారు. తక్కిన నాలుగు వేళ్లకూ ఎదురొచ్చి నిలబడేది అదొక్కటే. అది లేకపోతే ముద్ద కలపలేం, బొత్తాం పెట్టలేం, వలకన్ను ముడి వేయలేం. మన జిల్లాల్లో ఆ వేలికి గండాలు తక్కువేమీ కావు. చెరకు గానుగ, నూర్పిడి యంత్రం, వడ్రంగి గుండ్రటి రంపం, జనపనార మిల్లు రోలర్లు, కొబ్బరిపీచు తీసే యంత్రం, దీపావళి నాడు చేతిలోనే పేలిన బాంబు. వీటికి తోడు ఏ యంత్రమూ తగలకుండానే బొటనవేలిని పనికిరాకుండా చేసిన జబ్బు ఒకటుంది. మనవైపు దాన్ని పేరుపెట్టి పిలవడానికి జంకి పెద్దరోగం అనేవారు. కుష్ఠు.

తెగిపోయిన బొటనవేలిని తిరిగి నిర్మించాలన్న ఆలోచనకు తొలి గట్టి రూపం ఇచ్చినవాడు ఆస్ట్రియాలో గ్రాట్స్ నగరపు సర్జన్ కార్ల్ నికోలడోని. 1890ల చివర ఆయన రెండు దారులు తొక్కాడు. మొదటి దారి, ఛాతీ చర్మాన్ని గొట్టంలా చుట్టి వేలికి తొడుగు వేయడం. రెండోది ఇంకా సాహసం. 1898లో ఒక పిల్లవాడి కాలి రెండో వేలిని చేతికి కలిపాడు. రక్తనాళాలు కలిపి కుట్టే విద్య అప్పటికి లేదు. అందుకని వేలిని పాదం నుంచి పూర్తిగా తెంచకుండానే చేతిని పాదానికి కట్టేసి, కొత్త చోట రక్తం పారడం మొదలయ్యేదాకా ఆ పిల్లవాణ్ణి వంగిన భంగిమలోనే కదలకుండా ఉంచాడు. ఆ తర్వాతే కాలి వైపు కోశాడు. ఆ వంకర భంగిమ ఎంత నరకమో మంచంలో రెండు రోజులు ఒక పక్కనే పడుకున్నవాళ్లెవరైనా చెబుతారు. వేలు బతికింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు యూరప్ సర్జన్లు ఈ రెండు దారుల్నే అటూ ఇటూ సవరించుకుంటూ నడిచారు. చర్మం గొట్టంలో ఎముక ముక్క పెట్టి బొటనవేలు చేసేవారు. చూడ్డానికి వేలే. కానీ చలికి నల్లబడేది, వేడి తగిలినా తెలిసేది కాదు, చేతిలోని వస్తువు జారిపోతుంటే పట్టించుకునేది కాదు. రోగులు చాలామంది దాన్ని వాడటం మానేసి, పక్కనున్న వేళ్ల సందుతోనే పట్టుకునేవారు.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. బొటనవేలి శస్త్రచికిత్స చరిత్ర అంతా ఆకారం కోసం జరిగిన వెతుకులాటలా కనిపిస్తుంది గాని, అసలు వెతికింది స్పర్శ కోసం.

ఇక మన దక్షిణాదికి వద్దాం. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టాడు. వైద్యం చదవకముందు ఇళ్లు కట్టే పని, వడ్రంగం నేర్చుకున్నాడు. ఆ పనితనం తర్వాత ఆపరేషన్ బల్ల దగ్గర బాగానే అక్కరకొచ్చింది. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. మరుసటేడు చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రికి డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఆయన్ని తీసుకెళ్లాడు. వేళ్లు గద్ద గోళ్లలా ముడుచుకుపోయి, బొటనవేలు అరచేతికి అతుక్కుపోయిన రోగి ఒకడు ఎదురుపడ్డాడు. నా చెయ్యి గట్టిగా నొక్కు అని బ్రాండ్ అడిగాడు. చచ్చుబడిన చేతి నుంచి నీరసమైన పట్టు వస్తుందని ఆయన అనుకున్నాడు. వచ్చింది ఎముకలు విరిగేంత పట్టు. అరుపు ఒక్కటే తక్కువ.

ఆ నొప్పిలోనే బ్రాండ్‌కు లెక్క అందింది. చేతిలో చిన్న కండరాలు చచ్చుబడ్డా మోచేతి కింద ముంజేతిలో ఉన్న పెద్ద కండరాలు బతికే ఉన్నాయి. కుష్ఠు క్రిమి నరాల్ని ఎక్కడపడితే అక్కడ దెబ్బ తీయదు. చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల, ముఖ్యంగా మోచేతి దగ్గరా మణికట్టు దగ్గరా పాడు చేస్తుంది. అంతకు పైనే నరం కొమ్మలు అందుకున్న కండరాలకు ఏమీ కాదు. బతికి ఉన్నదాన్ని చచ్చిన చోటికి పని మార్పిస్తే? 1948లో ఆయన చేతుల మీద ఆపరేషన్లు మొదలుపెట్టాడు. కుష్ఠు రోగిని ఆపరేషన్ థియేటర్లోకి రానివ్వడానికే వైద్యులు జంకిన రోజులవి.

బొటనవేలికి చేసిన ఆపరేషన్ దగ్గర కాస్త నిలబడదాం. బొటనవేలు తప్ప ప్రతి వేలినీ మడవడానికి ముంజేతి నుంచి రెండేసి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, వస్తాయి. పైది ఒకటి, లోపలిది ఒకటి. ఒకటి తీసేసినా రెండోదానితో వేలు మడుచుకోగలదు. సర్జన్ ఉంగరపు వేలి పై టెండన్‌ని వేలి మొదట్లో కోసి మణికట్టు దాకా వెనక్కి లాగుతాడు. చిటికెన వేలి వైపు మణికట్టులో ఒక కొక్కెంలాంటి చోటు చుట్టూ తిప్పుతాడు. ఆ మలుపు సరిగ్గా పడకపోతే బొటనవేలు పక్కకి లాగుతుందే గాని ఎదురుగా రాదు. ఆపైన అరచేతి చర్మం కింద సొరంగం చేసి, అవతల బొటనవేలి మొదట్లోకి తీసి కుడతాడు. మూడు వారాలు పట్టీ. పట్టీ విప్పాక అసలు పని ఫిజియోథెరపీ గదిలో మొదలవుతుంది. బొటనవేలిని కదిలించమంటే రోగి కదిలించలేడు. ఆ కండరం పుట్టినప్పటి నుంచీ ఉంగరపు వేలినే ఎరుగును. అందుకని, ఉంగరం వేలు మడువమ్మా, అంటారు. ఉంగరపు వేలిని మడుద్దామని మనసులో అనుకోగానే బొటనవేలు లేచి ఎదురొస్తుంది. తొలిసారి అది చూసి చాలామంది నవ్వేస్తారు. కొన్నాళ్లకి మెదడు ఆ తిరకాసు మరిచిపోతుంది. బొటనవేలు కదపాలనుకుంటే బొటనవేలే కదులుతుంది.

వేలూరు నుంచి ఈ విద్య శిక్షణ పొందిన సర్జన్లతో, ఫిజియోథెరపిస్టులతో పాటు మిషన్ ఆసుపత్రులకు వ్యాపించింది. మన వైపు దాన్ని అందుకున్న చోటు సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి. లెప్రసీ మిషన్ నడుపుతున్న ఈ ఆసుపత్రి కొండలకీ మైదానానికీ మధ్య ఉంది. ఒడిశా కొండల నుంచి దిగివచ్చేవాళ్లకీ, బొబ్బిలి, పార్వతీపురం వైపు పల్లెలకీ అదే దగ్గర. అది కదలకుండా అక్కడే ఉంది గాని దాని జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరంలోకి, 2022లో పార్వతీపురం మన్యంలోకి. పాత కేసు కాగితాల్లో చిరునామా చూసి ఏ జిల్లాదో తేల్చాలంటే ముందు సంవత్సరం అడగాలి. తెలంగాణలో ఇదే పనికి హైదరాబాదు కూకట్‌పల్లిలోని శివానంద పునరావాస గృహం పేరు చెప్పాలి. వనపర్తి రాణి కుముదినీ దేవి 1958లో దాన్ని స్థాపించారు. నగరానికి తొలి మహిళా మేయర్ కూడా ఆవిడే.

బాగుపడిన చేతులతో బయటికి వెళ్లిన వాళ్లందరికీ బతుకు బాగుపడిందని అనుకోకండి. ముష్టి ఎత్తి బతికిన కొందరికి ఆపరేషన్ తర్వాత రాబడి పడిపోయిందట. వేళ్లు తిన్నగా ఉన్నవాడికి దానం ఎవరు చేస్తారు? పేరుకి కుష్ఠు రోగి కనుక పని ఎవరు ఇస్తారు? ఆ ఫిర్యాదు విన్నాకనే బ్రాండ్ బృందం 1951లో వేలూరులో న్యూ లైఫ్ సెంటర్ పెట్టి వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పడం మొదలుపెట్టింది.

అక్కడే రెండో సమస్య బయటపడింది. ఆపరేషన్ అయిన చేతులకు కొత్త పుండ్లు. కొందరికి వేళ్లు పొట్టివైపోతున్నాయి. కుష్ఠుతో వేళ్లు రాలిపోతాయని జనమూ, చాలామంది వైద్యులూ నమ్మేవారు. బ్రాండ్ బృందం ఒక్కో పుండుకీ కారణం వెతుకుతూ కూర్చుంది. బీడీ చివరిదాకా కాలి వేళ్ల సందు మాడింది. పొయ్యి మీద గిన్నె గుడ్డ లేకుండా దించారు. సుత్తి పిడిలో లేచిన చీలిక రోజంతా గుచ్చుకుంది. రాత్రి నిద్రలో వేళ్లు కొరుక్కుపోయినవి కొన్ని మిగిలాయి. ఆ కారణం చాలా రోజులు దొరకలేదు. చివరికి రాత్రి కాపలా కాసి చూస్తే ఎలుకలు. నొప్పి తెలియని మనిషి నిద్ర లేవడు కదా. అప్పటి నుంచి ఇంటికి పోయే ప్రతి రోగికీ ఒక పిల్లిని ఇచ్చి పంపడం ఆనవాయితీ అయింది. వైద్య చరిత్రలో పిల్లి మందుచీటీకి ఎక్కిన సందర్భం ఇదొక్కటే అనుకుంటాను.

అంటే కదలిక తిరిగొచ్చింది గాని స్పర్శ రాలేదు. టెండన్ మార్చవచ్చు. చచ్చిన నరం మాత్రం లేవదు.

సరిగ్గా ఆ కాలంలోనే స్వీడన్‌లో ఎరిక్ మోబర్గ్ అనే సర్జన్ ఇదే ప్రశ్న వేరే చోట వేస్తున్నాడు. ఆయన రోగులు కార్మికులు. యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్లు. మోబర్గ్ పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. బల్ల మీద నాణెం, తాళంచెవి, మేకు, బొత్తాం లాంటివి పోసి, ముందు కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసుకుని డబ్బాలోకి ఏరమంటాడు. స్పర్శ లేని బొటనవేలు కళ్లు తెరిచినప్పుడు చక్కగా ఏరుతుంది. కళ్లు మూస్తే తడబడుతుంది. చివరికి చెయ్యి దాన్ని పక్కన పెట్టి మధ్యవేలిని పిలుచుకుంటుంది. స్పర్శ లేని చెయ్యి గుడ్డిదని ఆయన తేల్చాడు. నికోలడోని తరహా వేళ్లను రోగులు ఎందుకు వాడలేదో అర్థం కావడానికి అర్ధశతాబ్దం పైన పట్టింది.

దీనికి మోబర్గ్ సూచించిన ఉపాయాన్ని 1950ల్లో న్యూయార్క్ సర్జన్ విలియం లిట్లర్ ఆచరణలోకి తెచ్చాడు. ఉంగరపు వేలి పక్క నుంచి చర్మం ముక్కను దాని నరంతో, రక్తనాళంతో సహా తీసి, వాటిని తెంచకుండానే అరచేతి కింద నుంచి లాగి బొటనవేలి కొసకు అతికాడు. బొటనవేలికి స్పర్శ వచ్చింది. కానీ బొటనవేలిని సూదితో గుచ్చితే, ఉంగరపు వేలికి గుచ్చుకుంది అని రోగి చెప్పేవాడు! కదలిక విషయంలో మెదడు తిరకాసు మరిచిపోయింది. స్పర్శ విషయంలో పెద్దవాళ్ల మెదడు అంత సులువుగా మరిచిపోదు. కొందరికి జీవితాంతం ఆ తికమక మిగిలిపోయింది. ఏమైనా, బొటనవేలికి కదలికనీ స్పర్శనీ రెండింటినీ అప్పిచ్చింది ఉంగరపు వేలే. మన ఇళ్లలో దాని గొప్పతనం ఉంగరంతోనే ఆగిపోయింది.

బొటనవేలు మొదలంటా పోయినప్పుడు మరో దారి ఉంది. చూపుడు వేలినే కదిలించి బొటనవేలి స్థానంలో నిలబెట్టడం. దాని నరాలు, రక్తనాళాలు తెగవు కనుక స్పర్శ నిలుస్తుంది. జర్మనీలో థాలిడోమైడ్ మాత్రల వల్ల బొటనవేళ్లు లేకుండా పుట్టిన పిల్లల మీద డీటర్ బుక్-గ్రామ్కో ఈ పద్ధతికి మెరుగులు దిద్దాడు. ఆ మందు కథ దుఃఖంతో కూడుకున్నది. దాన్ని మరో భాగానికి ఉంచుదాం.

ఇక మైక్రోస్కోపు వచ్చింది. 1960లో అమెరికాలో జేకబ్సన్, స్వారెజ్ సన్నటి రక్తనాళాల్ని మైక్రోస్కోపు కింద కుట్టి చూపారు. 1965 జులై 27న జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయి పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని తిరిగి అతికారు. నాళం వ్యాసం మిల్లీమీటరుకు అటూ ఇటూ. కుట్టే దారం వెంట్రుక కన్నా సన్నం. మరుసటేడు షాంఘైలో యాంగ్ డాంగ్యూ కాలి రెండో వేలిని చేతికి మార్చాడు. 1968లో ఇంగ్లండు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో జాన్ కాబెట్ కాలి బొటనవేలిని చేతికి బొటనవేలుగా చేశాడు. ఈసారి చేతిని పాదానికి కట్టేయలేదు. ఎముక, టెండన్లు, ధమని, సిరలు, నరాలు అన్నీ ఒకే ఆపరేషన్‌లో కలిపేశారు. కుట్టిన నరం రోజుకి సుమారు మిల్లీమీటరు చొప్పున ముందుకు పెరుగుతుంది కనుక, స్పర్శ వేలికొసకు చేరడానికి నెలలు పడుతుంది. అయినా చేరుతుంది. నికోలడోని కలిపిన వేలికీ దీనికీ తేడా అంతా అందులోనే ఉంది.

మన దగ్గర ఈ విద్యకు చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్. వెంకటస్వామి నెలకొల్పిన చేతి చికిత్స విభాగం, తర్వాత కోయంబత్తూరు గంగా ఆసుపత్రి పెద్ద బడులయ్యాయి. ఉత్తరాంధ్ర రోగికి దగ్గరిది విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగం. శ్రీకూర్మం నుంచి శ్రీకాకుళం, అక్కడి నుంచి జాతీయ రహదారి మీద విశాఖ, మొత్తం 120 కిలోమీటర్ల పైమాటే. 2005లో 108 వాహనం రావడం, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలి విడతలోనే అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళం చేరడం ఈ జిల్లాకు చిన్న విషయాలు కావు. కానీ తెగిన వేలు గడియారం చూసుకుంటూ ఉంటుంది. మామూలు వేడిలో సుమారు ఆరు గంటలు దాటితే ఆశ తగ్గుతూ పోతుంది. చల్లగా ఉంచితే గడువు రెట్టింపు పైగా పెరుగుతుంది. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని మంచు ముక్కల మీద పెట్టాలి. మంచు వేలికి నేరుగా తగలకూడదు, నీళ్లలో నాననివ్వకూడదు. చేతి గాయం మీద పసుపు, కాఫీపొడి అద్దకూడదు. గుడ్డతో గట్టిగా అదిమి చేతిని ఎత్తి పట్టుకుంటే చాలు. ఈ నాలుగు మాటలు మిల్లు గేటు దగ్గరా, నూర్పిడి కళ్లంలోనూ తెలిసి ఉండటం ఎంతటి సర్జన్‌కైనా ముందు మెట్టు.

నలిగిపోయి అతకడానికి వీలు లేని వేలైతే కాలి వేలి మాట వస్తుంది. అక్కడ చర్చ ఆపరేషన్ గురించి ఉండదు, చెప్పు గురించి ఉంటుంది. కాలి బొటనవేలు తీస్తే చేతికి అందమైన, గట్టి బొటనవేలు వస్తుంది. పాశ్చాత్య సర్జన్లకు అదే మక్కువ. మన రోగి మాత్రం హవాయి చెప్పు ఎలా పట్టుకోను అని అడుగుతాడు. పొలం గట్టు మీద, తడి ఇసుకలో, పడవ అంచు మీద నిలదొక్కుకునేది కాలి బొటనవేలితోనే. అందుకే ఆసియాలో చాలాచోట్ల సర్జన్లు రెండో వేలినే తీస్తారు. అది సన్నగా ఉంటుంది, కాస్త వంగి ఉంటుంది, చేతి మీద కాలి వేలిలాగే కనిపిస్తుంది. రోగికి దానితో పేచీ లేదు. నాణెం ఏరితే చాలు, చెప్పు నిలిస్తే చాలు. కాలి వేలి ఊసే వద్దని, మిగిలిన నాలుగు వేళ్లతో సర్దుకుపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లది మూర్ఖత్వమని నేను అనను. నడిచే పనితో బతికేవాడి లెక్కలో ఏ వేలు ఖరీదు ఎంతో వాడే తేల్చాలి.

(వచ్చే భాగం: స్పర్శ లేని పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పు ఎలా పుట్టింది?)